డి విటమిను మోతాదు కథ

ఇంగ్లండులో 1950 దాటిన తరువాత శిశువైద్యులకు ఒక క్రొత్త చిక్కు ఎదురైనది. ఆరేడు మాసాల వరకు చక్కగా పెరిగిన బిడ్డలు ఉన్నట్లుండి పాలు త్రాగడం మానివేసేవారు. త్రాగిన కొద్దిపాటి పాలు కక్కుకొనేవారు. మలబద్ధం, విపరీతమైన దప్పిక, నీరసం పట్టుకొనేవి. బరువు పెరగకపోగా తగ్గేది. రక్తాన్ని పరీక్షించి చూస్తే అందులో సున్నపు ధాతువు, అనగా కాల్షియం, ఉండవలసిన దానికన్న ఎక్కువగా కనిపించేది. లండనులోని రెజినాల్డ్ లైట్‌వుడ్ అనే శిశువైద్యుడు 1952లో ఈ వ్యాధి లక్షణాలను వర్ణించి ప్రకటించినాడు. కొందరు బిడ్డలు త్వరగా కోలుకున్నారు. వ్యాధి తీవ్రమైనవారిలో మూత్రపిండాలు చెడినవి, కొందరు దక్కలేదు.

ఇందులో విచారించదగిన సంగతి ఒకటి ఉన్నది. వీరు తిండి లేక చిక్కిన బిడ్డలు కారు. వీరి తల్లులు అశ్రద్ధ చేసినవారూ కారు. ప్రభుత్వం ఇచ్చిన నూనెను చెప్పినట్లు పోసినారు. పాలపొడిని డబ్బా మీద వ్రాసినట్లు కలిపినారు. మార్కెట్టులో మంచిదని పేరుపొందిన పిండిని జావ కాచి పట్టినారు. అందరూ చెప్పినట్లే చేసినారు. బిడ్డ మాత్రం జబ్బుపడినది. ఇది ఎట్లా జరిగినదో తెలియాలంటే మూడు వందల ఏండ్ల వెనుకకు పోయి, రికెట్సు వ్యాధి దగ్గర మొదలుపెట్టాలి.

రికెట్సు అంటే పసిపిల్లల ఎముకలు గట్టిపడక, బరువుకు వంగిపోయే వ్యాధి. నడక వచ్చే వయస్సులో కాళ్ళు విల్లువలె వంగుతాయి; కొందరికి మోకాళ్ళు ఒకదానితో ఒకటి ఒరుసుకొని దొడ్డికాళ్ళు వస్తాయి. రొమ్ము ఎముక ముందుకు పొడుచుకొని వస్తుంది. ఆడపిల్లకు కటి ఎముకలు వంకరపోతే, ఆమె పెరిగి పెద్దదై పురుడు పోసుకొనే నాటికి ప్రాణగండం. ఇంగ్లీషు వైద్యుడు డేనియల్ విస్లర్ 1645లోను, ఫ్రాన్సిస్ గ్లిసన్ 1650లోను దీనిని గురించి గ్రంథాలు వ్రాసినారు. యంత్రపరిశ్రమలు వచ్చి, బొగ్గు పొగ ఆకాశాన్ని కమ్మిన తరువాత ఐరోపా నగరాల ఇరుకు సందులలో ఈ వ్యాధి ఇంటింటి వ్యాధి అయినది.

కారణం కొందరికి ముందే తోచినది. పోలండు దేశపు వైద్యుడు శ్న్యదెత్‌స్కీ 1822లోనే, వార్సా నగరంలోని బిడ్డలకు వచ్చే ఈ వ్యాధి చుట్టుపట్ల పల్లెల బిడ్డలకు రావడం లేదనీ, ఎండ తగలడమే మందనీ వ్రాసినాడు. జపానులో మిషనరీ వైద్యుడుగా పనిచేసి వచ్చిన థియొబాల్డ్ పామ్ 1890లో దేశదేశాల సమాచారం సేకరించి, ఎండ కాసే దేశాలలో దరిద్రం ఎంత ఉన్నా రికెట్సు అరుదనీ, పొగ కమ్మిన సంపన్న నగరాలలో మెండనీ చూపినాడు. ఖర్చులేని మందు చెప్పినందువలననో ఏమో, వీరి మాట ఎవరూ పట్టించుకోలేదు. ఉత్తర సముద్రతీరపు బెస్తలు మాత్రం తమ తాతల నాటినుండి కాడ్ చేప కాలేయం నుండి తీసిన నూనెను బలానికి వాడుతూనే ఉన్నారు. పంతొమ్మిదవ శతాబ్దంలో కొందరు వైద్యులు దానిని రికెట్సుకు ఇచ్చి గుణం చూసినారు. అది ఎందుకు పనిచేస్తున్నదో చెప్పలేక, చదువుకున్న వైద్యలోకం దానిని ముసలమ్మల వైద్యం క్రింద జమకట్టినది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే నాటికి ఈ రెండు దారులూ ప్రయోగశాలకు చేరినవి. లండనులో ఎడ్వర్డ్ మెలన్‌బీ కుక్కపిల్లలను ఇంటిలోపలే ఉంచి, వెన్న తీసిన పాలు, రొట్టె వంటి ఆహారంతో పెంచినాడు. వాటికి రికెట్సు వచ్చినది. కాడ్ లివర్ ఆయిల్ కలిపి పెట్టిన పిల్లలకు రాలేదు. ఈ ఫలితాలను ఆయన 1919లో ప్రకటించినాడు. అప్పటికి తెలిసిన ఏ విటమినే ఇందుకు కారణమై ఉండవచ్చునని ఆయన అనుకున్నాడు. అమెరికాలో మెకాలమ్ అనే శాస్త్రజ్ఞుడు ఆ సందేహాన్ని తీర్చినాడు. ఆయన ఆ నూనెను వేడిచేసి, అందులోనికి ప్రాణవాయువును పంపి, ఏ విటమినును నాశనం చేసినాడు. ఆ నూనె కంటిజబ్బుకు పనికిరాకుండా పోయినది గాని రికెట్సును మునుపటివలెనే కుదిర్చినది. కనుక రెండవ పదార్థం ఒకటి అందులో ఉన్నదని 1922లో తేలినది. అప్పటికి ఏ, బి, సి అనే అక్షరాలు అయిపోయినవి గనుక దీనికి డి అని పేరు పెట్టినారు.

రెండవ దారి ఎండ దారి. బెర్లినులో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ 1919లో రికెట్సు పిల్లలను పాదరసపు దీపం నుండి వచ్చే అతినీలలోహిత కిరణాల ముందు కూర్చుండబెట్టినాడు. వారాలు గడిచేకొద్దీ ఎక్స్-రే చిత్రాలలో ఎముకలు గట్టిపడుతూ కనిపించినవి. ఆయన చేసిన మరొక పని ఇంకా ముచ్చటైనది. కిరణాలను ఒక చేతిమీద మాత్రమే పడనిచ్చినాడు. రెండవ చేతి ఎముకలు కూడా బాగుపడినవి! కిరణం తగిలిన చర్మంలో ఏదో తయారై రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతున్నదని దీనివలన ఊహించవచ్చును. యుద్ధంలో ఓడి ఆకలితో అలమటిస్తున్న వియన్నా నగరానికి లండనులోని లిస్టర్ సంస్థ నుండి హారియట్ చిక్ అనే శాస్త్రజ్ఞురాలు తన సహచరులతో వెళ్ళి, 1919 నుండి 1922 వరకు అక్కడి పిల్లల ఆసుపత్రిలో పరిశోధన చేసినది. కాడ్ లివర్ ఆయిల్ ఇచ్చినా బిడ్డ బాగుపడుతుంది, ఎండలోనో దీపపు వెలుగులోనో ఉంచినా బాగుపడుతుంది అని ఆమె బృందం నిస్సందేహంగా నిరూపించినది. శత్రుదేశపు బిడ్డల ఎముకలను నిలబెట్టడానికి వెళ్ళిన ఆ మహిళ పేరు మన పాఠ్యపుస్తకాలలో కనిపించదు. కనిపించవలసిన పేరు అది.

నూనెలోని వస్తువుకూ ఎండకూ ఉన్న సంబంధాన్ని అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హారీ స్టీన్‌బాక్ బయటపెట్టినాడు. ఆహారాన్నే అతినీలలోహిత కిరణాల క్రింద ఉంచితే దానికి రికెట్సును పోగొట్టే గుణం వస్తుందని ఆయన 1924లో ప్రకటించినాడు. అంతటితో ఎండను సీసాలో పట్టే విద్య చేతికి వచ్చినది. జర్మనీలో అడాల్ఫ్ విండౌస్ ఈ పదార్థం యొక్క రసాయన స్వరూపాన్ని విచారించి, శిలీంధ్రాలలో దొరికే ఎర్గోస్టెరాల్ అనే క్రొవ్వువంటి వస్తువు కిరణాలు తగిలి డి విటమినుగా మారుతుందని తేల్చడంలో ముఖ్యుడైనాడు. స్టెరాల్ పదార్థాలమీద ఆయన చేసిన కృషికి 1928లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించినది.

ఆ తరువాత వ్యాపారులు ఊరుకుంటారా? పాలలో డి విటమిను, రొట్టెలో డి విటమిను. 1936లో అమెరికాలో ఒక సారాయి కంపెనీ డి విటమిను కలిపిన బీరును కూడా అమ్మినది. ఎండ మంచిది గనుక సీసాలోని ఎండ ఎంతైనా మంచిదే అనే నమ్మకం ప్రబలినది.

ఆ నమ్మకం తప్పని చెప్పే సాక్ష్యం మాత్రం మొదటినుండీ ఉన్నది. విండౌస్‌కు బహుమానం వచ్చిన ఆ 1928లోనే, జర్మనీలో క్రైట్‌మైర్, మోల్ అనే ఇద్దరు పరిశోధకులు కిరణాలు తగిలిన ఎర్గోస్టెరాల్‌ను జంతువులకు పెద్ద మోతాదులలో పెట్టి చూసినారు. జంతువులు తిండి మాని, చిక్కి శల్యమై చనిపోయినవి. కోసి చూస్తే రక్తనాళాలలోను, మూత్రపిండాలలోను సున్నం పేరుకొని ఉన్నది. ఎముకలలో చేరవలసిన సున్నం మెత్తని అవయవాలలో చేరినది. ఈ గుణాన్నే ఉపయోగించి తరువాతి కాలంలో, 1980ల నుండి, డి విటమినును ఎలుకల మందుగా కూడా అమ్ముతున్నారు. పసిబిడ్డ చుక్కల సీసాలోనూ ఎలుకల మందులోనూ ఉన్నది ఒకే వస్తువు, భేదం పరిమాణంలోనే.

పరిమాణమనే మాట వచ్చినది గనుక కొలత సంగతి చెప్పుకోవాలి. డి విటమినును యూనిట్లలో కొలుస్తారు. ఒక యూనిట్ అంటే గ్రాములో పదిలక్షవ వంతైన మైక్రోగ్రాములో నలభయ్యవ భాగం. ఇంత సూక్ష్మమైన వస్తువు కనుకనే వందలు, వేలు, అరవై వేలు అనే అంకెలు మన చెవికి వట్టి అంకెలుగానే వినిపిస్తాయి. ఇంటిలో త్రాసుకు అందే వస్తువైతే పదింతలు ఎక్కువ వేస్తే చేయి గుర్తుపడుతుంది. ఇక్కడ చేతికి ఏమీ తెలియదు. నాలుకకూ తెలియదు.

1930లలోను, 1940లలోను వైద్యులే ఈ పొరపాటులో పడినారు. కీళ్ళవాతానికి అమెరికాలో రోజుకు రెండు మూడు లక్షల యూనిట్ల చొప్పున నెలల తరబడి ఇచ్చినారు. ఫ్రాన్సులో షార్పీ, ఇంగ్లండులో డౌలింగ్ మొదలైనవారు ముఖాన్ని తినివేసే చర్మక్షయకు రోజుకు లక్ష యూనిట్లకు పైగా ఇచ్చి నిజంగానే గుణం చూపినారు. ఏండ్ల తరబడి ముసుగు తీయలేని రోగులకు అది వరమే గదా. కాని వారిలో పలువురికి వాంతులు, దప్పిక, మూత్రపిండాల జబ్బు వచ్చినవి. క్షయకు మంచి మందులు దొరికిన తరువాత, 1950లలో, ఆ చికిత్స వెనుకబడినది.

ఇప్పుడు మొదట చెప్పిన ఇంగ్లండు బిడ్డల దగ్గరకు వద్దాము. రెండవ ప్రపంచ యుద్ధంలో తిండికి కటకట ఏర్పడినప్పుడు, బ్రిటిష్ ప్రభుత్వం పసిబిడ్డలు రికెట్సు పాలు కాకూడదని గట్టి పూనిక వహించినది. కాడ్ లివర్ ఆయిల్ సీసాలను ఇంటింటికీ అందజేసినది. జాతీయ పాలపొడిలో డి విటమిను కలిపినది. మార్గరీన్ అనే కృత్రిమ వెన్నలో కలిపి తీరవలెనని శాసించినది. పిల్లల పిండి తయారుచేసే వ్యాపారులు తమంతట తాము కలిపినారు. రికెట్సు తగ్గినది, ఇది సామాన్యమైన విజయం కాదు. కాని ఒకే కూరలో అత్తగారు ఒకసారి, కోడలు ఒకసారి, ఆడపడుచు ఒకసారి ఉప్పు వేసినట్లయినది. ఎవరు వేసినది వారికి సరిగానే ఉన్నది. మొత్తం ఎంత పడినదో చూసినవారు లేరు. బిడ్డకు రోజుకు 400 యూనిట్లు చాలును. లెక్క కట్టి చూస్తే కొందరు బిడ్డలకు 4,000 యూనిట్ల వరకు అందే అవకాశం ఉన్నట్లు తేలినది.

బ్రిటిష్ శిశువైద్యుల సంఘం విచారణ జరిపి 1956లో నివేదిక ప్రకటించినది. 1957లో నూనెలోను, పాలపొడిలోను, పిండిలోను కలిపే మోతాదులను తగ్గించినారు. తరువాతి ఏండ్లలో ఆ వ్యాధి తగ్గుముఖం పట్టినది. అయినా వివాదం చాలాకాలం సాగినది. అదే నూనె, అదే పాలపొడి లక్షలాది బిడ్డలకు పోసినారు గదా, వందలలో లెక్కించదగినంత మందికే ఎందుకు వచ్చినది అని అడిగినవారి ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానం అరవై ఏండ్ల తరువాత వచ్చినది. శరీరంలో పనిముగిసిన డి విటమినును విరిచి పారవేసే ఎంజైము ఒకటి ఉన్నది. కొందరికి పుట్టుకతోనే ఆ ఎంజైమును తయారుచేసే జన్యువులో లోపం ఉంటుందని, అట్టి బిడ్డలు మామూలు నివారణ మోతాదుకు కూడా తట్టుకోలేకపోవచ్చునని 2011లో జర్మనీ పరిశోధకుల బృందం చూపినది. ఆనాటి బిడ్డలలో మరికొందరిది పుట్టుకతో వచ్చే వేరొక వ్యాధి అనికూడా 1960ల తరువాత తెలిసినది. ఏ బిడ్డకు ఆ లోపం ఉన్నదో తల్లికి తెలిసే దారి లేదు. పొంగిపొరలే కొలతలో ముందు మునిగేది అట్టివారే.

భయపడి పూర్తిగా చేయి ముడుచుకొన్నా చిక్కే. 1962లో స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో, మన ఉపఖండం నుండి వెళ్ళి స్థిరపడిన కుటుంబాల పిల్లలలో రికెట్సు కనిపించినట్లు వైద్యులు ప్రకటించినారు. ఎండ తక్కువ, చలికి ఒంటినిండా బట్టలు, చర్మం నల్లనిది కావడంవలన ఉన్న ఎండ కూడా చాలకపోవడం. ఆ తరువాత అక్కడ చుక్కల మందు పంచవలసి వచ్చినది.

ఎండవలన డి విటమిను ఎక్కువై జబ్బుపడినవారు లేరు. మధ్యాహ్నమంతా పొలంలో వంగి పనిచేసే కూలికి కూడా ఆ ప్రమాదం రాదు. చర్మంలో తయారైన పదార్థం ఒక హద్దు దాటగానే, అదే ఎండ దానిని పనికిరాని వేరే పదార్థాలుగా మార్చివేస్తుంది. ఎండవలన చర్మానికి వేరే బాధలు ఉండవచ్చును గాని విటమిను విషయంలో అది తన మోతాదు తానే చూచుకొంటుంది. నోటికి అట్టి కాపలా లేదు. మ్రింగినదంతా రక్తంలోకి పోయి, క్రొవ్వులో నిలువ చేరుతుంది.

మన ఇండ్ల సంగతికి వస్తే, ఇన్ని ఎండలు కాసే దేశంలో కూడా డి విటమిను లోపం పట్టణాలలో విరివిగా కనిపిస్తున్నది. నీడపట్టున ఉద్యోగాలు, మిద్దెల మధ్య ఇరుకు ఇండ్లు, నగరపు ధూళి అందుకు తోడ్పడుతున్నవి. కనుక వైద్యులు 60,000 యూనిట్ల పొడి పొట్లమో గుళికయో వారానికి ఒకటి చొప్పున, సాధారణంగా ఎనిమిది వారాల పాటు, వ్రాసి ఇస్తున్నారు. మంచి చికిత్సే. పొరపాటు జరిగేది చీటీ ఇంటికి వచ్చిన తరువాత. వారానికి ఒకటి అన్నది రోజుకు ఒకటి అవుతుంది. మనకు అలవాటైన మాత్రలన్నీ రోజువారీవే గదా! హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి 2020లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం పెద్దవారికి రోజుకు 600 యూనిట్లు కావాలి, 4,000 దాటరాదు. ఒక్క పొట్లం అంటే నూరు రోజుల గ్రాసం. నెలరోజులు దినానికొక పొట్లం మ్రింగినవాడు ఎనిమిదేండ్లకు పైబడిన గ్రాసాన్ని నెలలో మ్రింగినట్లు. చికిత్స నిమిత్తం వైద్యుడు కొంతకాలం హద్దు దాటించి ఇవ్వడం వేరు. ఎనిమిది వారాలు ముగిసినా పాత చీటీ చూపి దుకాణంలో మళ్ళీ మళ్ళీ కొనడం వేరు.

ఆ ఉప్పు సామ్యం ఇక్కడా వర్తిస్తుంది. కీళ్ళనొప్పుల వైద్యుడు పొట్లం వ్రాస్తాడు. వేరొక వైద్యుడు ఆరు లక్షల యూనిట్ల సూది వేస్తాడు. కాల్షియం మాత్రలో డి విటమిను కలిసే వస్తుంది. బలానికని కొన్న మాత్రలో మరికొంత. 2018 నిబంధనల తరువాత పాలలోను, వంటనూనెలోను కూడా కలుపుతున్నారు గాని, లీటరు పాలకు రెండు మూడు వందల యూనిట్లు మాత్రమే గనుక వాటివలన భయం లేదు. లెక్క చూడవలసినది మాత్రలు, పొట్లాలు, సూదులు. వైద్యుని దగ్గరకు వెళ్ళినప్పుడు అట్టలన్నీ వెంట తీసుకొనిపోయి ఆయన ముందు పెడితే ఆ కూడిక ఆయన చేస్తాడు. మూత్రపిండాలలో రాళ్ళు ఉన్నవారు, క్షయ వచ్చినవారు, గుండెకు డిజాక్సిన్ గాని, నీరు తీసే మాత్రలు గాని వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

పసిబిడ్డల చుక్కల మందు విషయంలో మరొక మెలిక ఉన్నది. ఒక్కొక్క సీసాలో చిక్కదనం ఒక్కొక్క తీరుగా ఉంటుంది. ఒక దానిలో 400 యూనిట్లు మిల్లీలీటరులో ఉంటే, మరొక దానిలో ఒక్క చుక్కలోనే ఉండవచ్చును. పాత సీసా డ్రాపరుతో క్రొత్త సీసా మందు పోస్తే బిడ్డకు ఎన్ని రెట్లు పోతుందో చెప్పలేము. డ్రాపర్లవలన మోతాదు మించే ప్రమాదాన్ని గురించి అమెరికా ప్రభుత్వ ఔషధశాఖ 2010లో ప్రత్యేకంగా హెచ్చరించవలసి వచ్చినది.

వృద్ధుల విషయంలో, మాటిమాటికీ ఎందుకు, ఏడాదికి ఒక్కసారే ఇచ్చివేస్తే సరిపోదా అని ఆస్ట్రేలియాలో పరీక్షించి చూసినారు. డెబ్బై ఏండ్లు, ఆపై వయస్సుగల రెండు వేల పైచిలుకు స్త్రీలలో సగంమందికి ఏటా ఐదు లక్షల యూనిట్లు ఒక్కసారిగా ఇచ్చినారు. 2010లో ఫలితం వెలువడినది: ఆ మందు పుచ్చుకున్నవారే ఎక్కువసార్లు పడినారు, వారి ఎముకలే ఎక్కువగా విరిగినవి. ఎముకలకొరకు ఇచ్చిన మందు గదా!

మోతాదు మించినప్పుడు కనిపించే గుర్తులు ఆనాటి ఇంగ్లండు బిడ్డల గుర్తులే: అన్నం సహించకపోవడం, వాంతులు, మలబద్ధం, తీరని దప్పిక, మాటిమాటికీ మూత్రం; ముసలివారిలో మాట తడబాటు, మతిమరుపు. వీటిని వయస్సువల్ల వచ్చినవని అనుకొని, నీరసానికని మరొక పొట్లం వేసేవారు ఉన్నారు. ఇట్టి గుర్తులు కనిపించగానే మందు ఆపి, వైద్యునిచేత రక్తంలోని కాల్షియం పరీక్ష చేయించాలి. ఆపిన మరునాటికి ఈ జబ్బు పోదు. క్రొవ్వులో చేరిన నిలువ కరిగి బయటపడడానికి వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది. అంతకాలమూ రక్తపరీక్షలు, సెలైను సీసాలు, ఆసుపత్రి రాకపోకలు తప్పవు.